ఎడమ డబ్బా చైను, ఉస్తాద్ పళ్ల సెట్టు

పాత ఇంగ్లండు మోటారుసైకిళ్ల పని నేర్చుకుంటామని ఈమధ్య కొందరు మా ఇంటికి వస్తున్నారు. కంది దగ్గరి కాలేజీలో చదువుకునేవాళ్లు కొందరు, కిష్టారెడ్డిపేట అపార్ట్‌మెంట్లలో ఉంటూ తాతల నాటి బండిని దుమ్ము దులిపి బయటికి తీసినవాళ్లు కొందరు. అందరూ ఫోన్‌లో వీడియోలు చూసి సగం పని నేర్చుకునే వస్తారు. నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. ఏ పానా పట్టాలి, ఏ ఆయిల్ పోయాలి? ఆ రెండూ చెప్పడానికి ఒక చాయ్ తాగేంత సేపు చాలు. అసలు చెప్పాల్సింది వాళ్లు అడగరు. అందుకే రాద్దామని కూర్చున్నాను.

నా పేరు అంజయ్య. పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు పక్కన జహంగీర్ ఉస్తాద్ దుకాణంలో చేరి, ఆయన తరువాత అదే దుకాణం నడిపి, మోకాళ్లు మొరాయించాక మానేశాను. ఎంత సంపాదించానో, ఎవరు శాలువా కప్పారో ఇందులో ఉండదు. చెప్పుకునేంత లేదు కూడా. ఒక చైను గురించి, ఒక మనిషి గురించి, నేను నాలుగు నెలలు నోరు మూసుకుని కూర్చున్న సంగతి గురించి రాస్తాను.

ఎడమ డబ్బా

ఈ బండ్లలో ఇంజిన్ వేరు, గేర్‌బాక్స్ వేరు. ఇంజిన్ తిరిగితే ఆ ఊపు గేర్‌బాక్స్‌కు అందాలి. అందించేది ప్రైమరీ చైను. వెనక చక్రానికి పోయే చైను అందరికీ కనబడుతుంది. ఇది కనబడదు. ఎడమ కాలి పక్కన మూసి ఉన్న డబ్బాలో, ఆయిల్‌లో మునిగి తేలుతూ తిరుగుతుంటుంది. కనబడదు కాబట్టి ఎవరికీ పట్టదు. ట్యాంకు మీద చిన్న గీత పడితే గగ్గోలు పెట్టే మనిషి, ఈ డబ్బాలో ఆయిల్ ఉందా లేదా అని ఏళ్ల తరబడి చూడడు.

చైను వదులైతే డబ్బా గోడకు కొట్టుకుంటుంది. ఆ టకటక విని కొత్త మెకానిక్ ‘ఇంజిన్ పోయింది’ అంటాడు, అంతా విప్పి గోనెపట్టా మీద పరుస్తాడు. మీరు ఆ పని చేయకండి. ముందు బండిని నిలబెట్టి ఇంజిన్‌ను నెమ్మదిగా నడవనిచ్చి క్లచ్ నొక్కి చూడండి. చప్పుడు మారిందంటే డబ్బా వైపు చూడండి. డబ్బాలోని ఆయిల్‌ను ఒక పళ్లెంలోకి వంపండి. మెరిసే పొడి కనబడితే చైను ఎక్కడో గీసుకుంటోంది. ఎర్రటి తుప్పు పొడి కనబడితే ఆయిల్ చాలక చైను ఎండిపోయింది. ఇంజిన్ మీద చెయ్యి వేయడం అన్నిటికంటే చివరి పని.

చైను మరీ వదులైతే చప్పుడుతో ఆగదు. తాను తిరిగే పళ్లచక్రం మీద నుంచి ఎగిరి ఇరుక్కుంటుంది. అప్పుడు వెనక చక్రం బిగుసుకుపోతుంది. క్లచ్ పట్టుకునే లోపలే మనిషి రోడ్డు మీద ఉంటాడు. మా రోడ్డు మీద ప్రతి బండి వెనకా ఒక లారీ ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకుని మిగతాది చదవండి.

బండిని కొరికే మనిషి

మాది కంది పక్క పల్లె. ఇరవై ఏళ్లప్పుడు మందుబిళ్లల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి చేరి, ఎనిమిది నెలలకే విసుగు పుట్టి మానేశాను. మా నాయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు, “కంపెనీ నౌకరి ఇడ్సిపెట్టి గ్రీజు పూసుకుంటవా?” అన్నాడు. పూసుకుంటానన్నాను.

ఉస్తాద్ పొట్టి మనిషి. బనియను మీద మరకలుంటాయి కానీ దానికి జేబు ఉంటుంది, ఆ జేబులో మడతపెట్టిన రుమాలు ఎప్పుడూ తెల్లగా ఉంటుంది. కుర్రతనంలో ఆయన ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో, ఎర్రగా కాల్చిన ఇనుమును పెద్ద సుత్తి మిషన్ కింద కొట్టే పని చేశాడట. ఆ సంగతి ఎక్కువ చెప్పేవాడు కాదు.

ఆయన బండిని పరీక్షించే పద్ధతి చూసి కొత్తవాళ్లు నవ్వేవారు. ఇంజిన్ నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను చైను డబ్బా మీద ఆనించి, చెక్క పిడిని వెనక పళ్ల మధ్య గట్టిగా కరిచిపట్టి కళ్లు మూసుకునేవాడు. ‘జాంగీర్ భాయ్ బండిని కొరుకుతున్నడు’ అని చాయ్ హోటల్ వాళ్లు ఆటపట్టించేవారు. అలా కొరికి ఆయన చెప్పింది మాత్రం తప్పేది కాదు. చైను వదులా, క్లచ్ నట్టు వదులా, బేరింగ్ అరిగిందా, అన్నీ విడివిడిగా చెప్పేవాడు.

“చెవులతోటి ఇంటే అంతా గడబిడ,” అనేవాడు నాతో. “లారీ ఇనబడ్తది, హోటల్ల రేడియో ఇనబడ్తది. పండ్లతోటి ఇను బేటా, బండి ఒక్కటే మాట్లాడ్తది.”

నేనూ అలాగే నేర్చుకున్నాను. ఇప్పటికీ నా వెనక పన్ను ఒకటి అరిగి ఉంటుంది.

పొద్దున్నే చేసిన తప్పు

రెండో ఏడు. కిష్టారెడ్డిపేట నుంచి పాల క్యాన్లు వేసుకొచ్చే మల్లేష్ తన బండి ఇచ్చిపోయాడు. ఉస్తాద్ సామాను తేవడానికి హైదరాబాద్ వెళ్లాడు. చైను నేనే సరిచేశాను. సరిచేయడమంటే పెద్ద విద్యేమీ కాదు. గేర్‌బాక్స్ నట్లు వదులుచేసి, దాన్ని కాస్త వెనక్కి జరిపితే చైను బిగుస్తుంది. డబ్బా పైన చిన్న మూత ఉంటుంది. దాంట్లోంచి వేలు పెట్టి చైనును పైకీ కిందికీ ఆడించి చూడాలి. అర అంగుళం ఆడాలి.

ఫ్యాక్టరీలో ప్యాకింగ్ బెల్టు ఊగితే సూపర్‌వైజర్ మమ్మల్ని తిట్టేవాడు. ఆ అలవాటు నాలో పోలేదు. చైను ఊగితే నాకు నచ్చేది కాదు. చల్లటి పొద్దున, ఒక్కచోట మాత్రం వేలు పెట్టి చూసి, తంబూరా తీగలా బిగించేశాను. మూడు వారాలకు మల్లేష్ బండిని తోసుకుంటూ వచ్చాడు. ఇంజిన్ పక్క బేరింగ్ పిండి అయింది.

నేను రెండు తప్పులు చేశానని ఉస్తాద్ విప్పి చూపించాడు. ఇంజిన్ వేడెక్కితే ఇనుము పెరుగుతుంది, చైను ఇంకా బిగుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఆట లేకపోతే వేడిలో అది బేరింగ్‌ను లాగేస్తుంది. రెండోది, ఏ చైనూ అంతటా ఒకేలా అరగదు. తిప్పుకుంటూ నాలుగైదు చోట్ల చూడాలి. అన్నిటికంటే బిగువున్న చోట అర అంగుళం ఉండేలా పెట్టాలి. నట్లు బిగించాక మళ్లీ చూడాలి, ఎందుకంటే బిగించేటప్పుడు గేర్‌బాక్స్ జరుగుతుంది. ఆ తరువాతే, గేర్‌బాక్స్ జరగడంతో వదులైన వెనక చైను సంగతి.

మల్లేష్ కోపంతో ఊగిపోతున్నాడు. “ఎవడు కట్టిండు దీన్ని?” అని అడిగాడు.

“నేనే,” అన్నాడు ఉస్తాద్. నా వైపు చూడను కూడా చూడలేదు. “నా దుకాణంల కట్టింది నేనే కట్టినట్టు.”

ఆ రోజు నుంచి ఆ మనిషి కోసం ఏమైనా చేస్తానని మనసులో అనుకున్నాను. అలా అనుకోవడం కూడా ఒక్కోసారి మనిషిని చెడగొడుతుందని అప్పుడు తెలియదు.

పళ్లు పోయాయి

పద్నాలుగేళ్లు గడిచాయి. నేను పూర్తి మెకానిక్‌నయ్యాను, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఉస్తాద్‌కు జర్దా పాన్ అలవాటు. ఆ అలవాటుకు పళ్లు ఒక్కొక్కటే ఊడి, చివరికి మిగిలినవీ పీకించి సంగారెడ్డిలో పళ్ల సెట్టు కట్టించుకున్నాడు. తెల్లగా, వరుసగా, ఆయన వయసుకు సంబంధం లేని పళ్లు. మొదటిరోజు కొత్త పెళ్లికొడుకులా నవ్వుతూ దుకాణానికి వచ్చాడు. చాయ్ హోటల్ వాళ్లు లేచి నిలబడి సలాం చేశారు.

ఆ తరువాత బండ్లు వెనక్కి రావడం మొదలైంది. ఉస్తాద్ చూసి పంపిన బండి వారానికే టకటకమంటూ వచ్చింది. ఇంకో వారానికి రెండోది. మూడోదాని డబ్బా రేకును చైను లోపల నుంచి కోసేసింది, ఆయిల్ ధారకట్టింది. కొత్త చైన్లు నాసిరకమేమో అనుకున్నాను. ఆయిల్ కల్తీ ఏమో అనుకున్నాను. ఉస్తాద్ పని మీద మాత్రం అనుమానం రాలేదు.

ఒకరోజు గాలి మిషన్ పైపు పగిలింది. పెద్ద చప్పుడు. నేను ఎగిరిపడ్డాను, రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. దానికి నాలుగడుగుల దూరంలో వీపు పెట్టి కూర్చున్న ఉస్తాద్ తల తిప్పలేదు. తాపీగా నట్టు తుడుచుకుంటూ ఉన్నాడు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. సెల్‌ఫోన్ మోగితే ‘ఈ డబ్బా నాకు నచ్చది, నువ్వే మాట్లాడు’ అని నాకు ఇచ్చేయడం. మాట్లాడేవాళ్ల నోటివైపే చూడటం. వెనక నుంచి పిలిస్తే పలకకపోతే, పనిలో మునిగిపోయాడని మేమంతా మురిసిపోవడం. ఆ సుత్తి మిషన్ ఆయన చెవులను ఎప్పుడో తినేసింది. మిగిలింది పళ్లే. పిడి కొరికితే ఆ అదురు ఎముకలోకి పాకి ఆయనకు బండి సంగతి తెలిసేది. ఇప్పుడు ఆ పళ్లు లేవు. సెట్టుతో కొరికితే ఎముకకు ఏమీ అందదు.

అయినా ఆయన పిడి కరిచిపడుతూనే ఉన్నాడు. కళ్లు మూసుకుని, కాసేపాగి, బాగుందన్నట్టు తల ఊపుతున్నాడు.

చెప్పాలి కదా. చెప్పలేదు. ఆయన మధ్యాహ్నం నమాజుకు వెళ్లగానే మూత విప్పి, చైను ఆడించి, తేడా ఉంటే సరిచేసేవాణ్ని. గురువు పరువు కాపాడుతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. నేను సామాను కోసం ఊళ్లోకి వెళ్లిన రోజుల్లో ఆయన పంపిన బండ్ల గురించి ఆలోచించకుండా ఉండటం కూడా నేర్చుకున్నాను.

సత్తెమ్మ కాలు

బాల్‌రెడ్డి కంది దగ్గర రైతు. ఒకప్పుడు ఉస్తాద్‌తో పాటు ఆ ఫ్యాక్టరీలోనే పనిచేశాడు. ఇద్దరూ ఒకరినొకరు భుజం మీద చరుచుకోకుండా మాట్లాడలేరు. ఒక మధ్యాహ్నం ఆయన, భార్య సత్తెమ్మ బండి మీద వచ్చారు. సాయంత్రం జహీరాబాద్ పోవాలి. సత్తెమ్మ అక్క మనవరాలికి మరునాడు పొద్దున నిశ్చితార్థం.

“అన్నా, మలుపు కాడ నెమ్మదిగ పోతుంటే నా కాలు కింద కొడ్తున్నది,” అంది సత్తెమ్మ ఉస్తాద్‌తో. ఉస్తాద్ అప్పటికే డబ్బా మీదికి వంగాడు. బాల్‌రెడ్డి ఎటో చూస్తున్నాడు. నేను వేరే బండి దగ్గర ఉన్నాను. విన్నాను, విని ఊరుకున్నాను.

ఉస్తాద్ మూత విప్పి సరిచేశాడు. ఇంజిన్ నడిపించి పిడి కొరికాడు, తల ఊపాడు. తన అలవాటు ప్రకారం గేర్‌బాక్స్ నట్టు మీద గోళ్ల రంగుతో ఎర్ర గీత గీశాడు. నట్టు కదిలితే గీత విరుగుతుంది, అందుకని. మిగతా బండ్లకు నేను విప్పి సరిచేశాక ఆ గీత మళ్లీ గీసేవాణ్ని. భార్యాభర్తలు పూలు, పండ్లు కొనడానికి బజారుకు వెళ్లారు. ఉస్తాద్ మసీదుకు బయలుదేరాడు.

నేను వేలు పెట్టి చూశాను. చైను అంగుళానికి పైగా ఊగింది. కొంచెం తిప్పితే ఇంకా ఎక్కువ. రాత్రికి ఇద్దరు మనుషులు ఈ బండి మీద లారీల మధ్య ఉంటారు. పానా తీసుకుని నట్టు వదులుచేశాను.

“ఎవల్ని అడిగి ఇప్పినవ్?”

ఉస్తాద్. టోపీ మరిచిపోయి వెనక్కి వచ్చాడు. విరిగిన ఎర్ర గీత వైపే చూస్తున్నాడు. అదే సమయానికి బాల్‌రెడ్డి, సత్తెమ్మ సంచులతో వచ్చి నిలబడ్డారు.

నేల చూస్తూ చెబుదామనుకున్నాను. నేల చూస్తూ చెబితే ఆయనకు అందదు. తల ఎత్తి, ఆయన కళ్లలోకి చూస్తూ, పెదవులు బాగా కనబడేలా చెప్పాలి. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదు.

“మీకు ఇనబడ్తలేదు ఉస్తాద్. సెట్టు కట్టించుకున్న సంది ఇనబడ్తలేదు. చైను వదులున్నది.”

ఆయన ముఖం రాయి అయిపోయింది.

“ఏమంటున్నడు?” అని బాల్‌రెడ్డి భార్యను అడిగాడు. ఆమె ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పింది. బాల్‌రెడ్డి పెద్దగా నవ్వాడు. “జాంగీర్‌కు ఇనబడ్తలేదా? నాకు ఎన్నడు ఇనబడ్డది? ఇద్దరం ఒక్క సుత్తి కింద పన్నెండేండ్లు నిలబడితిమి గద!”

సత్తెమ్మ నవ్వలేదు. సంచి కింద పెట్టింది. “బండి నడిపేటాయనకు ఇనబడది. బాగుచేసేటాయనకు ఇనబడది. ఇనబడేదాన్ని నేను ఎనక కూసున్న. నెల దినాల సంది చెప్తున్న, ఒక్కలన్న నా దిక్కు సూసిన్రా?” అంది. ఆ ‘ఒక్కలన్న’ అన్నప్పుడు ఆమె చూసింది నన్ను.

నిజమే. మన ఆడవాళ్లు బండి వెనక పక్కకు తిరిగి కూర్చుంటారు. రెండు కాళ్లూ ఎడమవైపే, చైను డబ్బా వెనకే. ఆ డబ్బాలో ఏం జరుగుతుందో నడిపేవాడి కంటే ముందు ఆ కాళ్లకే తెలుస్తుంది. అన్నేళ్ల పనిలో నేను ఒక్క ఆడమనిషిని కూడా అడగలేదు. నాకు చెవులు బాగానే ఉన్నాయి మరి.

ఉస్తాద్ ఆమె పెదవులనే చూస్తున్నాడు. తరువాత పళ్ల సెట్టు తీసి, రుమాలులో చుట్టి, జేబులో పెట్టుకున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి, ఒక్కసారిగా ముసలివాడైపోయాడు. బండిని స్టాండు మీద నిలబెట్టి, “చెల్లె, ఎక్కి కూసో,” అన్నాడు.

ఆమె చీర సర్దుకుని ఎక్కింది. నేను వదులుచేసిన నట్టు బిగించి కిక్ కొట్టాను.

“కొడ్తున్నది,” అంది.

ఆపాం. ఉస్తాద్ గేర్‌బాక్స్‌ను వెనక్కి జరిపాడు, నేను వేలు పెట్టి చూశాను. మళ్లీ కిక్.

“తగ్గింది. కాదు కాదు, ఆగు. ఒక్కొక్కపారి కొడ్తున్నది. పోతున్నది, మల్ల వస్తున్నది.”

ఉస్తాద్ నన్ను చూశాడు, నేను ఆయనను చూశాను. పోయి వస్తోందంటే చైను ఒకచోట బిగువు, ఒకచోట వదులు. సరిచేస్తే సరిపోదు, మార్చాల్సిందే. ఆ మాట ఒక స్క్రూడ్రైవర్‌తో తేల్చడానికి నాకు అరపూట పట్టేది. డబ్బా విప్పి కొత్త చైను వేసేసరికి పొద్దు వాలింది. జహీరాబాద్ ప్రయాణం తెల్లవారికి పడింది. బాల్‌రెడ్డి గొణిగాడు కానీ, సత్తెమ్మ చివరిసారి కూర్చుని చూసి, “ఇప్పుడు నా కాలుకు బండి ఉన్నట్టే లేదు,” అనేదాకా కదల్లేదు.

నాలుగు వేళ్లు

వాళ్లు వెళ్లాక ఉస్తాద్ స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. నలుగురిలో పరువు తీశానని తిడతాడనుకున్నాను. తిట్టించుకోవడానికి సిద్ధంగానే ఉన్నాను.

“ఎన్ని నెలల సంది ఎరుక నీకు?” అన్నాడు.

నాలుగు వేళ్లు చూపించాను.

“మల్లేష్ బండి నాడు నీ తప్పు నా మీద ఏసుకున్న. ఎందుకు? నువ్వు నేర్చుకుంటవని, మల్ల జెయ్యవని. నా తప్పు నువ్వు దాసిపెడ్తివి. నేనెట్ల నేర్చుకోవాలె? నాలుగు నెలలు మందిని రోడ్డు మీదికి తోలిన. నువ్వు సూసుకుంట ఊకున్నవ్.”

నేను ఏడ్చాను. ఆయన ఏడవనిచ్చాడు, ఓదార్చలేదు. అంతకంటే న్యాయంగా నన్ను ఎవరూ చూడలేదు.

మరునాడు పొద్దున ఇద్దరం కూర్చుని గుర్తుచేసుకుంటే, సెట్టు కట్టించుకున్నప్పటి నుంచి ఆయన చేత్తో చేసి, నేను మళ్లీ చూడని బండ్లు పదకొండు తేలాయి. ఫోన్ చేద్దామన్నాను. వద్దన్నాడు. నా బండి వెనక ఎక్కి ఇల్లిల్లూ తిరిగాడు. రుద్రారం పోయాం, ఇస్నాపూర్ పోయాం, కిష్టారెడ్డిపేట పోయాం. ప్రతి గడప దగ్గరా సెట్టు తీసేసిన నోటితో తానే చెప్పాడు. “నాకు ఇనబడ్తలేదు భాయ్. నేను కట్టిన చైను మీద నాకే నమ్మకం లేదు. ఐతారం నాడు బండి తీస్కరా. నీ ఎనక కూసుండేటామెను గూడ తోల్కరా, గామెనే పరీక్ష జేస్తది.” కొందరు నవ్వారు. ఒకాయన, చెవులు లేని మెకానిక్ దగ్గరికి మళ్లీ ఎట్లా రావాలన్నాడు. ఆయన భార్య లోపలి నుంచి, “చెప్పినోడు ఈయనొక్కడే గద, పోదాం పా,” అంది.

ఆదివారం పదకొండు బండ్లూ వచ్చాయి. దుకాణం ముందు వరుసగా స్టాండ్ల మీద బండ్లు, వాటి మీద పక్కకు తిరిగి కూర్చున్న ఆడవాళ్లు. రోడ్డు మీద బస్సులు నెమ్మదించి చూశాయి. నవ్వులు, వేళాకోళాలు, చాయ్ గ్లాసులు. నేను ఒక్కో బండి దగ్గరికి వెళ్లి, వదినా, అక్కా, అమ్మా అంటూ కాలికి ఏం తెలుస్తోందో అడిగాను. ఏడు బాగానే ఉన్నాయి. నాలుగింటి చైన్లు అర అంగుళం దాటి ఊగుతున్నాయి. ఆ నాలుగింటి మీద కూర్చున్న తల్లుల్లో ఇద్దరి ఒళ్లో పిల్లలున్నారు.

కింద కూర్చుని మొదటి డబ్బా విప్పడం మొదలుపెట్టాను. ఉస్తాద్ వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. నేను చెయ్యి చాపకముందే సరైన పానా తీసి చేతిలో పెట్టాడు. పదహారేళ్లలో ఆయన నాకు పానా అందించడం అదే మొదటిసారి. పదకొండో బండి పోయేదాకా అందిస్తూనే ఉన్నాడు.